చోక్ కొట్టే దెబ్బ

రండర్రా, ఇలా అరుగు మీద కూకోండి. ఎల్‌ఈడీలు వచ్చాక మన ఉద్దానంలో పాత ట్యూబ్‌లైటు పట్టీలన్నీ అటకెక్కాయి కదా. వాటిలో చిన్నదే అయినా చేతికి బరువు తెలిసే చోక్ ఒకటి ఉంటుంది. పాత ఇనుముల బండికి వేసేయకండి. ఇనుప రేకుల చుట్టూ రాగి తీగ బోలెడు చుట్లు చుట్టి ఉంటుంది అందులో. తేలిగ్గా ఉండే ఎలక్ట్రానిక్ చోక్ మాత్రం మనకి పనికిరాదు.

తీగని అలా చుట్టేసరికి దానికో గుణం వస్తుంది. కరెంటుని చటుక్కున మొదలవనివ్వదు, మొదలయ్యాక చటుక్కున ఆగనివ్వదు. కవిటి నుంచి కొబ్బరికాయల బండి వస్తోందనుకోండి. నెమ్మదిగా ఆపితే ఒక్క కాయ కదలదు. చక్రం గోతిలో పడి ఠక్కున ఆగితే? బండి ఆగుతుంది గాని కాయలు ఆగవు, ఎగిరి రోడ్డు మీద పడతాయి. చోక్‌లో కరెంటూ అంతే. ఎంత హఠాత్తుగా తెంపితే అంత ఎక్కువ వోల్టేజి ఎగదన్నుతుంది.

నమ్మకం కుదరకపోతే చేసి చూద్దాం. నాలుగు టార్చి సెల్లులు వరసగా పెడితే 6 వోల్టులు. కరెంటు టెస్టరులో ఉండే చిన్న నియాన్ బల్బుని చోక్ రెండు కొసలకీ కట్టండి. అది వెలగాలంటే దాదాపు 70 వోల్టులు కావాలి, 6 వోల్టులకి ఉలకదు పలకదు. ఇప్పుడు సెల్లు తీగ చోక్‌కి తగిలించి, ఒక్క క్షణం ఆగి, చటుక్కున లాగేయండి. బల్బు ఎర్రగా తళుక్కుమంటుంది! తగిలించినప్పుడు కాదు, తీసేటప్పుడు. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ మెరుపు ముచ్చటే. తీగల కొసలు మాత్రం చేత్తో ముట్టుకోకండి, జివ్వుమంటుంది. గోడ ప్లగ్గు జోలికి అసలే వెళ్లొద్దు.

ట్యూబ్‌లైటులో జరిగేదీ ఇదే. స్టార్టర్‌లోని చిన్న రేకు వేడెక్కి అంటుకుంటుంది, చల్లారి విడిపోతుంది. విడిపోగానే చోక్ కొట్టే దెబ్బకి ట్యూబు అంటుకుంటుంది. మన కరెంటు సెకనుకి వందసార్లు సున్నా అవుతుంది. రేకు సరిగ్గా ఆ వేళకి విడిపోతే దెబ్బలో పస ఉండదు, మళ్లీ ప్రయత్నించాలి. ఆ మిణుకు మిణుకులు అవే.

ఈ సంగతి పట్టుకున్నది అమెరికాలో ఆల్బనీ ఊరి బడిపంతులు జోసెఫ్ హెన్రీ. తీగ పొడవు పెరిగేకొద్దీ, అందులోనూ చుట్టగా చుడితే, తెంపేటప్పుడు నిప్పురవ్వ పెద్దదవుతోందని గమనించి 1832లో అచ్చువేశాడు. ఇలాంటి చుట్టల్ని ఇవాళ్టికీ 'హెన్రీ'ల్లోనే కొలుస్తారు.

ఈ దెబ్బే ట్రాన్సిస్టర్లకి మృత్యువు. చుట్టతో పనిచేసే స్విచ్చి, అదే రిలే, దాన్ని ట్రాన్సిస్టరు ఆపిన ప్రతిసారీ ఆ చుట్ట వెనక్కి తంతుంది. అందుకని చుట్టకి అడ్డంగా 1ఎన్4007 డయోడు కడతారు, వెండిగీత ఉన్న కొస ప్లస్ వైపుకి. ఆగనంటున్న కరెంటుకి తిరగడానికి దారి దొరుకుతుంది, మెల్లగా చల్లబడుతుంది. మన చోక్‌కి కట్టి చూడండి, నియాన్ మెరవదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది కదా. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయి ఊళ్లకి ఊళ్లే చీకట్లో మగ్గాయి. అలాంటప్పుడు టార్చిలో పని అయిపోయిన సెల్లుని పారేస్తాం గాని, అందులో ఇంకా 1 వోల్టు దాకా ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు కావాలి. చిన్న ఫెర్రైటు ఉంగరం, మోటారు వైండింగ్ షాపులో దొరికే రాగి తీగ, ఒక ట్రాన్సిస్టరు, 1000 ఓమ్‌ల రెసిస్టరు ఉంటే చాలు, ఆ సెల్లుతోనే ఎల్‌ఈడీని వెలిగించొచ్చు. ట్రాన్సిస్టరు సెకనుకి వేలసార్లు కరెంటుని తెంపుతుంది, తెంపినప్పుడల్లా చుట్ట ఎగదన్నుతుంది, ఎల్‌ఈడీ వెలుగుతుంది. వోల్టేజి పెరిగింది కదా అని శక్తి ఊరికే పుట్టలేదు. సెల్లు దగ్గర ఎక్కువ కరెంటు తీసుకుని ఎల్‌ఈడీకి తక్కువ ఇస్తోంది, అంతే.

రెండు తీగలు కలిపి ఉంగరానికి ఓ ఇరవై చుట్లు చుట్టండి. ఒకదాని మొదలు, రెండోదాని చివర కలిపి సెల్లు ప్లస్‌కి ఇవ్వండి. మిగిలిన కొసల్లో ఒకటి రెసిస్టరు ద్వారా ట్రాన్సిస్టరు బేస్‌కి, రెండోది దాని కలెక్టరుకి. ఎమిటరు మైనస్‌కి. ఎల్‌ఈడీ పొడుగు కాలు కలెక్టరుకి, పొట్టికాలు ఎమిటరుకి. వెలగలేదా, ఒక తీగ కొసలు రెండూ తారుమారు చేసి చూడండి.