మీకు తెలుసా? వానలో బ్రేకు పట్టకపోతే తప్పంతా రబ్బరుది కాదు

వానలో సైకిల్ బ్రేకు పట్టకపోతే ముందుగా మార్చేది రబ్బర్లనే. కానీ అసలు చిక్కు చాలాసార్లు రిమ్ముది. క్రోమియం పూత వేసిన స్టీలు రిమ్ము అద్దంలా నున్నగా ఉంటుంది. తడిస్తే రబ్బరుకూ రిమ్ముకూ మధ్యలో నీటి పొర నిలిచి, పొడిగా ఉన్నప్పటి పట్టులో కొద్ది భాగమే మిగులుతుంది. అల్యూమినియం రిమ్ము మాత్రం తడవదా అనొచ్చు. తడుస్తుంది, అయితే చక్రం కాస్త తిరిగేసరికి రబ్బరు నీటిని తుడిచేసి పట్టును చాలావరకు తిరిగి అందుకుంటుంది. స్టీలు రిమ్ముల కోసం తోలు అతికించిన బ్రేకు ముక్కలు తయారైంది తడిలో ఆ రిమ్ములపై పట్టు తగ్గడం వల్లనే. అలాగని రబ్బరు నిర్దోషి కాదు. ఏళ్లు గడిస్తే అరగకపోయినా గట్టిపడి జారుతుంది, కాబట్టి దాని గాడి లోతు ఒక్కటే చూసి బాగుందనుకోవడం పొరపాటు. ఇక రిమ్ముకు నూనె అంటిందా, ఎంత కొత్త రబ్బరైనా దండగే.