దారానికి తొడిగే కడియం

తెలుగు శాఖ గోడపత్రికలో ప్రొటీన్ సంగతేంటే అని మా రూమ్మేట్ ముందే నవ్వింది. ఆమెది బయోటెక్నాలజీ. ప్రాజెక్టు కోసం తను చూస్తున్న కాటలాగులో "మానవ పి.సి.ఎన్.ఎ., ప్రయోగశాల పరిశోధనకు మాత్రమే" అన్న వరస నా కంట పడింది. మనిషి ప్రొటీన్‌ని సీసాలో పెట్టి అమ్మడమేమిటని అడిగితే మొదలైంది ఇదంతా.

ముందు ఆ 'మానవ' మాట. ఏ మనిషి ఒంట్లోంచీ తీసింది కాదు. మన జన్యువును ఈ-కొలై బాక్టీరియాలో పెడితే, అది తనకేమీ కాని మన ప్రొటీన్‌ని చేసి పెడుతుంది. దాన్ని వేరుచేసి, శుద్ధి చేసి, డీప్ ఫ్రీజర్‌లో దాస్తారు. జబ్బుకి మందుగా వాడటానికి కాదు, కణం తన డి.ఎన్.ఎ.కు నకలు ఎలా తీసుకుంటుందో గాజుగొట్టంలో చూడ్డానికి.

నకలంటే మనం నోట్సు జెరాక్స్ తీయించినట్టు కాదు. ఒక కణం రెండు కావాలంటే దాదాపు 600 కోట్ల జతల అక్షరాలు తిరగరాయాలి. అలా రాసే ఎంజైముల్లో ఒకటి పాలిమరేజ్ డెల్టా. ఒంటరిగా వదిలితే కాసిని అక్షరాలు రాసి డి.ఎన్.ఎ. దారం మీంచి జారిపోతుంది. అలా జారకుండా పట్టి ఉంచేదే పి.సి.ఎన్.ఎ. ఒకేలాంటి మూడు ముక్కలు, ఒక్కోదాంట్లో 261 అమైనో ఆమ్లాలు, కొసలు కలుపుకుని వలయం అవుతాయి. నడుమ రంధ్రం సుమారు 35 ఆంగ్‌స్ట్రామ్‌లు, డి.ఎన్.ఎ. మందం 20. అంటే బిగుతుగా పట్టదు, వదులు కడియంలా జారుతూ పోతుంది. పాలిమరేజ్ దాన్ని పట్టుకుని నడుస్తుంది.

మరి తొడిగేదెలా? గాజయితే చేతి చివర్నుంచి ఎక్కించొచ్చు. ఇక్కడ దారానికి అందే కొస లేదు. మా అవ్వకి సీల తీసి విప్పే వెండి కడియం ఉంది, ఇదీ అలాంటిదే. ఆర్.ఎఫ్.సి. అనే ఐదు ముక్కల ప్రొటీన్, ఎ.టి.పి. ఆసరాతో ఒక అతుకు దగ్గర వలయాన్ని విప్పి, డి.ఎన్.ఎ. చుట్టూ పెట్టి వదులుతుంది. మిగులు కత్తిరించే ఫెన్-1, అతుకులేసే లైగేజ్ కూడా ఈ కడియాన్నే పట్టుకుంటాయి. డి.ఎన్.ఎ. దెబ్బతింటే పి21 అనే ఇంకో ప్రొటీన్ వచ్చి అదే చోట కూర్చుని రాతను ఆపగలదు.

నాకు ఇంతకన్నా పట్టుకున్నది దాని పేరు. విడమరిస్తే 'వృద్ధి చెందే కణాల కేంద్రక యాంటిజెన్'. చేసేది కడియం పని, పేరేమో యాంటిజెన్! యాంటిజెన్ అంటే మన రోగనిరోధక శక్తి పరాయిదని పట్టుకునేది. మన ప్రొటీన్ మనకే పరాయిదెట్లా అయింది?

లూపస్‌లో అవుతుంది. ఒళ్ళు తన కణాల మీదే యాంటీబాడీలు చేసుకునే జబ్బు అది. వచ్చేవాళ్ళలో పదింట తొమ్మిదిమంది ఆడవాళ్ళే. మా పెద్దమ్మ కూతురికి ఉంది. కీళ్ళనొప్పులు, అలసట అంటే పని తప్పించుకోడానికని ఇంట్లో చాన్నాళ్ళు అన్నారు. 1978లో మియాచి, ఫ్రిట్జ్‌లర్, టాన్ అనే ముగ్గురు లూపస్ రోగుల రక్తరసాన్ని కణాల మీద వేసి చూశారు. కొందరి రక్తరసం విభజన దారిలో ఉన్న కణాల కేంద్రకాలనే పట్టుకుంది, ఊరికే ఉన్నవాటిని వదిలేసింది. అలా పట్టుబడ్డదానికి పెట్టిన పేరు ఇది. దాని పనేమిటో అప్పటికి ఎవరికీ తెలీదు. డెన్మార్క్‌లో బ్రావో, సెలిస్ వేరే దారిలో ఇదే ప్రొటీన్‌ని చేరి 'సైక్లిన్' అన్నారు. రెండూ ఒకటేనని 1984లో తేలింది, పాలిమరేజ్ డెల్టాకి తోడని 1987లో. సైక్లిన్ అన్న ముద్దు పేరు చివరికి వేరే ప్రొటీన్లకు పోయింది.

పోవడమే మంచిదయింది. ఎంత మోటుగా ఉన్నా 'యాంటిజెన్' అన్న మాటలో ఆ రక్తం ఇచ్చినవాళ్ళ ఆనవాలుంది. లూపస్ లాంటి జబ్బుల్లో కనబడే ఎస్‌ఎం, రో, లా అనే యాంటీబాడీలకైతే రోగుల పేర్లలోని అక్షరాలే పెట్టారు. దీనికి ఆ మాత్రం కూడా లేదు.

పి.సి.ఎన్.ఎ. యాంటీబాడీ లూపస్ వాళ్ళలో కొద్దిమందికే ఉంటుంది. మా అక్కకి లేదు. ఉన్నవాళ్ళ ఎ.ఎన్.ఎ. పరీక్షలో స్లయిడు చూడగానే అనుమానం వస్తుంది. పక్కపక్క కణాల్లోనే ఒకటి మెరుస్తూ, ఒకటి మసగ్గా, ఇంకోటి చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. ఆ చుక్కలది డి.ఎన్.ఎ. నకలు తీసుకుంటూ ఉన్న కణం.