వార్తల్లో పదం: క్లాస్‌లోడర్

జావా ప్రోగ్రామ్‌కు కావలసిన క్లాసులను వెతికి మెమరీలోకి తెచ్చేది క్లాస్‌లోడర్. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి బెంగళూరు వెళ్లి జావా ఉద్యోగం చేసేవారికి తరచూ తగిలే మాట.

సర్వర్‌లో ఉమ్మడి లైబ్రరీ ఉన్నా, జావా వెబ్ అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్ మామూలుగా ముందు అప్లికేషన్ సొంత ఫోల్డర్లనే చూస్తుంది: మొదట ‘క్లాసెస్’, తర్వాత ‘లిబ్’. కాబట్టి అదే ప్యాకేజీలో, అదే పేరుతో సవరించిన క్లాసును అక్కడ పెడితే ఉమ్మడిది మరుగున పడుతుంది. జావా మూల క్లాసులను మాత్రం ఇలా మార్చలేం.

2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లాగింగ్ లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు, వెంటనే కొత్త వెర్షన్‌కు మారలేనివారిని దాని జార్ ఫైలులోంచి ‘జేఎన్‌డీఐ లుకప్’ క్లాసును తీసేయమన్నారు. ఒక్క క్లాసుకు అంత బలం! ప్రమాదమూ అక్కడే: లైబ్రరీకి భద్రతా సవరణ వచ్చినా మనం సవరించి పెట్టిన పాత నకలే నడుస్తుంటుంది. ఏ క్లాసును ఎందుకు మార్చారో రాసిపెట్టుకోవాలి, అప్‌గ్రేడ్ చేసేటప్పుడు మొదట దాన్నే తీసి చూడాలి.