జబ్బు ఒకటే... బాధలో ఎంత తేడా!

పొద్దున్నే లేచి పాలగిన్నె ఎత్తబోతే వేళ్ళు ముడుచుకోవు. గంట గడిస్తేగాని చేతులు స్వాధీనంలోకి రావు. "రాత్రి చల్లగాలికి పట్టేసి ఉంటుంది" అనుకుని ఊరుకుంటాం. కానీ వారాల తరబడి ఇలాగే ఉంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం కావచ్చు.

వయసు మీదపడి మోకాళ్ళు అరిగితే వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడవలసిన రక్షణ శక్తే పొరబడి కీళ్ళ మీద పడుతుంది. మగవాళ్ళకంటే మన ఆడవాళ్ళకి 2, 3 రెట్లు ఎక్కువ. తరచు 30 నుంచి 50 ఏళ్ళ లోపు, ఇంటి బరువంతా మోసే వయసులోనే మొదలవుతుంది.

ఇద్దరు ఇల్లాళ్ళు

అల్లవరం మండలంలో ఇద్దరు ఇల్లాళ్ళను ఊహించుకోండి. ఒకావిడ భర్తకి నెలజీతం. చేతులు వాచిన నెలలోనే అమలాపురం వెళ్ళి చూపించుకుంది. రక్తపరీక్షలయ్యాయి, మందు మొదలైంది. రెండో ఆవిడ ఊడ్పులకీ కోతలకీ కూలికి వెళుతుంది. ఆసుపత్రి అంటే ఆవిడకి ఒక రోజు కూలి పోవడం, బస్సు ఛార్జీలు, తోడు వచ్చేవారి కూలి కూడా పోవడం. అందుకని ఊళ్ళోనే నొప్పికి సూది వేయించుకుని, మర్నాడు మళ్ళీ నారు పట్టుకుని బురదలో వంగుతుంది.

కొన్నేళ్ళు తిరిగేసరికి మొదటావిడ హాయిగా వంట చేసుకుంటూ ఉంటుంది. రెండో ఆవిడ వేళ్ళు వంకర తిరిగి కొడవలి పట్టలేకపోతుంది. నొప్పి బిళ్ళ నొప్పిని అణుస్తుందే గాని కీలు పాడవడాన్ని ఆపదు. ఆపే మందు మొదటి నెలల్లోనే పడాలి. వంకరపోయిన వేలు తర్వాత మందుతో తిన్నబడదు.

ఇది మన ఊరి సంగతే కాదు. 25 దేశాల రోగులను పోల్చి 2009లో వెలువరించిన పరిశీలనలో, ఆదాయం తక్కువున్న దేశాల్లో ఈ జబ్బు ఎక్కువ ఉధృతంగా ఉందని తేలింది. 2010లో 32 దేశాల మీద వచ్చిన మరొకటి ఇంకో సంగతి చెప్పింది. పేద దేశాల్లో అంత జబ్బుతోనూ, అంత అవిటితనంతోనూ పనికి వెళుతూనే ఉన్నారట. మానేస్తే పొయ్యి ఎలా వెలుగుతుంది మరి!

మన ఇంట్లో మాటేమిటి?

మనం కూలికి వెళ్ళడం లేదుగా అనుకోకండి. పిల్లాడి జ్వరానికి వెంటనే ఆటో పిలుస్తాం. ఆయన బి.పి. బిళ్ళలు నెలనెలా తెప్పిస్తాం. మన చేతివాపు మాత్రం "పండగ వెళ్ళాక చూద్దాం". సంక్రాంతి వెళ్ళి ఉగాది వస్తుంది.

పథ్యాల సంగతీ ఇంతే. వంకాయ, పులుపు, పప్పు మానేస్తే ఈ జబ్బు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. అసలే చాలీచాలని తిండి తినే మనిషి చేత పప్పు కూడా మాన్పిస్తే నీరసం అదనం.

ఇవి గుర్తుంచుకోండి

* పొద్దున్న అరగంటకి పైగా చేతులు బిగుసుకుపోవడం, వేళ్ళ కీళ్ళు వాచడం కొన్ని వారాలు నిలిస్తే ఆలస్యం చేయకండి. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి, అమలాపురం ఏరియా ఆసుపత్రికో కాకినాడ ప్రభుత్వాసుపత్రికో రాయించుకోండి. 2002లో యానాం-ఎదుర్లంక వంతెన వచ్చాక కాకినాడ ప్రయాణం తేలికైంది.

* డాక్టర్లు తరచు రాసే మెథోట్రెక్సేట్ పాత మందు, అంత ఖరీదైనదీ కాదు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణాపాయం. రక్తపరీక్షలు మానకూడదు. గర్భిణులు, బిడ్డ కావాలనుకునేవారు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. వారికి ఈ మందు పనికిరాదు.

* సొంతంగా రోజూ నొప్పి బిళ్ళలు మింగితే పొట్టలో పుండ్లు, కిడ్నీలకి చేటు.

* పెద్ద బిందెకి బదులు రెండు చిన్న బిందెలతో నీళ్ళు తెచ్చుకోండి. తడిగుడ్డలు పిండడానికి ఇంట్లోవాళ్ళని పిలవండి.

చివరగా ఒక మాట. మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి వేళ్ళు వాచి ఉంటే "నూనె రాసుకో" అని సరిపెట్టకండి. ఆసుపత్రికి వెళ్ళిన రోజు జీతం కోయకండి. వీలైతే మీరే తోడు వెళ్ళండి. మందు కంటే ముందు ఆమెకి కావలసింది ఆ ఒక్క రోజు.