కౌలుదారు పేరు ఎందుకు దాస్తున్నాడు?

ఆలంపూర్ పక్క ఊళ్ళలో మేము కౌలుదారుల పేర్లు రాయబోయినాము. మిరపచేలో మందు కొడుతున్న రైతు చేతులు జోడించాడు: "నా పేరు రాయొద్దన్నా. ఆసామికి తెలిసిందంటే వచ్చేయేడు చేను నాకియ్యడు."

దీన్ని ఆఫీసర్లు అజ్ఞానమంటారు. కాదు. ఇది తాతలనాటి అనుభవం.

1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. అప్పుడు ఆలంపూర్ రాయచూరు జిల్లాలో ఉండేది. ఆరేళ్ళు వరసగా దున్నినవాడు రక్షిత కౌలుదారు అన్నారు. మంచి చట్టమే, కాదనము. కాని భూస్వామి చేతులు ముడుచుకుని కూర్చుంటాడని పాలకులు ఎట్లా అనుకున్నారో! 1958లో ఖుస్రోగారు ప్రచురించిన పరిశోధన చూడండి. నాలుగేళ్ళు తిరక్కుండానే రక్షిత కౌలుదారుల్లో సగంమంది కూడా ఆ హక్కుతో మిగలలేదు. కొందరు భూమి కొనుక్కున్నారు, నిజమే. ఎందరినో చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టారు. ఇంకెందరో "ఇష్టపూర్వకంగా" వదులుకున్నారట! ఆ ఇష్టం ఎటువంటిదో పల్లెల్లో పుట్టినవాళ్ళకు చెప్పాలా? ఆసాములు మాత్రం పాఠం నేర్చారు: రసీదు ఇవ్వొద్దు, ఒకే మనిషిని ఒకే చేలో ఏళ్ళతరబడి ఉంచొద్దు.

2011లో మరో చట్టం. కౌలుదారుకు ఏడాది రుణ అర్హత కార్డు, యజమాని హక్కుకు ఢోకా లేదు అని రాశారు. ఎవరు నమ్ముతారు? ఆసామి వద్దన్నాడు, కౌలుదారు ఆఫీసు గడప తొక్కలేదు.

2018 మే 10న రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరాకు 4,000 రూపాయలు, పట్టాదారు పేరున. తర్వాత 5,000 అయింది. 2025లో రైతుభరోసా అని 6,000 చేశారు. కౌలుదారు పేరు బయటపడితే ఈ డబ్బుకు ఎసరొస్తుందని ఆసామికి కొత్త భయం. గుత్త మాత్రం పైసా తగ్గించలేదు. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా 5 లక్షలూ పట్టా ఉన్నవాడికే. అప్పులపాలై చచ్చిన కౌలురైతుకు సొంత పట్టా లేకుంటే ఆ ఇంటికి ఒక్క రూపాయి రాదు.

మేము ఆ రైతుతో అన్నాము: "ఒక్కడి పేరయితే ఆసామి చేను మారుస్తాడు. గ్రామసభలో అందరూ ఒకేనాడు రాయిస్తే ఎందరిని మారుస్తాడు?"

పంపు భుజానికెత్తుకుంటూ అన్నాడు: "ముందు వాళ్ళను రాయించమనన్నా, ఆ తర్వాత నేనొస్త."