మూడు తెల్లరాళ్లు

మీ బడిలో అద్దాల బీరువాలో ఖనిజాల పెట్టె ఒకటి ఉందా? చీటీలు ఊడిపోయి, రాళ్లన్నీ కలిసిపోయి ఉంటే అది పాఠానికి పనికిరాదు. మీ తరగతే కొత్త సేకరణ మొదలుపెట్టవచ్చు. ముందు మూడు తెల్లరాళ్లు చాలు: పలుగురాయి, కాల్సైటు, ముగ్గురాయి.

మూడూ చూపుకు ఒకేలా ఉంటాయి కదూ! అందుకే రంగును నమ్మకూడదు. ఒక్కొక్కదానితో పాత సీసా మీద గట్టిగా గీసి చూడండి. గాజు మీద గీత పెట్టేది పలుగురాయి ఒక్కటే. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించిన కాఠిన్యపు కొలతలో దాని స్థానం 7. గాజుది సుమారు 5.5. కాల్సైటుది 3, ముగ్గురాయిది కూడా ఇంచుమించు అంతే.

మరి ఆ రెంటినీ విడదీయడం ఎలా? ఒకే పరిమాణం గల ముక్కలను చెరొక అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకోండి. బరువుగా తోచేది ముగ్గురాయి. అది నీటికంటె దాదాపు 4.5 రెట్లు బరువు, కాల్సైటు 2.7 రెట్లే. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి చమురు, వాయువు ఎగదన్నకుండా, బావిలో నింపే బురదలో ముగ్గురాయి పొడి కలిపేది ఈ బరువు కోసమే. కడప సీమలోని మంగంపేట గనులు ఈ రాయికి పేరుమోసినవి. ఇంకా సందేహమా? రెంటినీ కాస్త పొడిచేసి నిమ్మరసం పిండండి. బుసబుసమని నురుగు వచ్చేది కాల్సైటు. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడు.

ఇక చీటీ సంగతి. ఎక్కడ దొరికిందో తెలియని రాయికి సగం విలువ పోయినట్టే. కాగితం అంటిస్తే పురుగులు కొట్టేస్తాయి. రాయి మీద చిన్న తెల్లరంగు చుక్క పెట్టి, ఆరాక నల్లసిరాతో అంకె వేయండి. అదే అంకె కింద నోటుపుస్తకంలో ఊరు, తేదీ, తెచ్చినవారి పేరు, చుట్టూ ఉన్న రాళ్ల వివరం రాయండి. ప్రతి ఖనిజానికీ రెండు ముక్కలుండాలి: ఒకటి చూడడానికి, మరొకటి గీకడానికి, పగలగొట్టడానికి.

పాత పెట్టెలో పట్టుపోగుల్లాంటి రాయి కనిపిస్తే మాత్రం ముట్టుకోకండి. అది పులివెందుల ప్రాంతంలో దొరికే రాతినార కావచ్చు. కంటికి ఆనని దాని పోగులు ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్ల తరబడి ఉండిపోయి కాన్సరు తెస్తాయి. వెంటనే మాస్టారికి చెప్పండి.