హెబ్రీ గ్రంథాలలో దైవ విశ్వాస్యత

దైవ విశ్వాస్యత అనగా దేవుడు తాను ఇచ్చిన వాగ్దానాన్ని, దానిని అందుకొన్న మనుషులు తప్పు చేసినప్పటికీ, విడువక నిలుపుకోవడం. యూదుల హెబ్రీ గ్రంథాలలో ఇది ఒక ముఖ్య భావన. క్రైస్తవులు ఈ గ్రంథాలను పాత నిబంధనగా చదువుతారు. అబ్రాహాము, యాకోబు, దావీదు వంటి వారి గుణాలతో పాటు దోషాలను కూడా ఇవి వివరిస్తాయి. వాగ్దానం నిలవడం వేరు, తప్పు ఫలితం తొలగిపోవడం వేరు అని ఈ కథల ద్వారా తెలుస్తుంది.

పదాల అర్థం

హెబ్రీ భాషలో 'హెసెద్' అనగా ఒప్పందానికి కట్టుబడిన ప్రేమ. తెలుగు బైబిలులో దీనిని తరచుగా 'కృప' అని అనువదించారు. 'ఎమూనా' అనగా స్థిరత్వం, నమ్మదగిన గుణం. కీర్తనలలో దీనికి 'విశ్వాస్యత' అనే పదం కనిపిస్తుంది. దేవునికి, మనుషులకు మధ్య కుదిరిన ఒప్పందం పేరు 'నిబంధన'.

పూర్వీకులు

ఆదికాండము ప్రకారం అబ్రాహాము ప్రాణభయంతో తన భార్య శారాను సోదరి అని రెండుసార్లు చెప్పాడు. యాకోబు చూపు మందగించిన తండ్రి ఇస్సాకును మోసగించి, అన్న ఏశావుకు రావలసిన దీవెనను పొందాడు. తరువాత మామ లాబాను చేతిలో తానే మోసపోయాడు. యాకోబు కుమారుడైన యూదా తన కోడలు తామారుకు అన్యాయం చేసి, చివరకు ఆమె తనకంటె నీతిమంతురాలని ఒప్పుకొన్నాడు. దావీదు వీరిద్దరి వంశంలోనే పుట్టాడు.

దావీదు

సమూయేలు రెండవ గ్రంథం 7వ అధ్యాయంలో, దావీదు వంశానికి రాజ్యం స్థిరపడుతుందన్న వాగ్దానం నాతాను ప్రవక్త ద్వారా లభిస్తుంది. వారసులు తప్పు చేస్తే దండన ఉంటుంది గాని కృప తొలగదని కూడా అక్కడే ఉంది. 11వ అధ్యాయంలో దావీదు తన సైనికుడైన ఊరియా భార్య బత్షెబను రప్పించుకొంటాడు. ఆమె గర్భవతి కాగా, ఊరియా యుద్ధంలో చనిపోయే ఏర్పాటు చేస్తాడు. పేదవాని ఏకైక గొర్రెపిల్లను లాక్కొన్న ధనవంతుని కథ చెప్పి, నాతాను రాజు చేతనే తీర్పు చెప్పిస్తాడు. ఆ ధనవంతుడు రాజేనని తేలుస్తాడు. దావీదు పశ్చాత్తాపపడగా క్షమ లభించింది. అయినా పుట్టిన బిడ్డ మరణించాడు, మరొక కుమారుడు అబ్షాలోము తిరుగుబాటు చేశాడు, ఊరియా తిరిగి రాలేదు. తరువాత బత్షెబకు పుట్టిన సొలొమోను రాజయ్యాడు. ఇదే రాజు చరిత్రను చెప్పే దినవృత్తాంతముల గ్రంథంలో ఊరియా హత్య ఘట్టం లేదు.

హైదరాబాదు పాతబస్తీలో ఈ పేర్లు

పాతబస్తీలో వినిపించే ఇబ్రహీం, యాకూబ్, దావూద్, సులేమాన్ అనే పేర్లు అబ్రాహాము, యాకోబు, దావీదు, సొలొమోను పేర్లకు అరబ్బీ రూపాలు. 1591లో చార్మినారును కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా తండ్రి పేరు ఇబ్రహీం. 1550 నుండి 1580 వరకు గోల్కొండను పాలించిన ఇతనిని తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచారు. ఇస్లాంలో పై నలుగురూ ప్రవక్తలు. దేవుడు ప్రవక్తలను పాపం నుండి కాపాడతాడన్నది ముస్లిం పండితులలో ప్రబలమైన అభిప్రాయం. ఖురాన్ 38వ సూరాలో గొర్రెల తగవు, దావూద్ పశ్చాత్తాపం ఉన్నాయి గాని ఊరియా ప్రస్తావన లేదు. కనుక దావీదును గురించి చెప్పేటప్పుడు ఏ గ్రంథం ప్రకారం చెబుతున్నామో స్పష్టం చేయడం అవసరం.

చెర తరువాత

క్రీ.పూ. 587 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును నాశనం చేయడంతో దావీదు వంశపు పాలన ముగిసింది. 89వ కీర్తన మొదట దేవుని విశ్వాస్యతను స్తుతించి, తరువాత దావీదుకు ఇచ్చిన మాట ఏమైందని దేవునినే అడుగుతుంది. ఆ ప్రశ్నకు కీర్తనలో సమాధానం లేదు. రాజుల రెండవ గ్రంథం మాత్రం, చెరలో ఉన్న యెహోయాకీను రాజును 37వ ఏట బబులోను రాజు విడుదల చేసి తన సన్నిధిలో భోజనం పెట్టించాడని చెప్పి ముగుస్తుంది. సింహాసనం పోయినా దావీదు వంశం మిగిలి ఉంది.